విశ్వాసికి ప్రశ్న తగదా?

ఉప్పలు, నాచారము ప్రాంతమున బిడ్డలకు జదువు చెప్పుకొను మాకు తరచుగా వినవచ్చు మాట యొకటి గలదు: దేవుని విషయమున ప్రశ్నించుట అవిశ్వాసమట! హిందువుల యిండ్లలోను, ముసల్మానుల యిండ్లలోను పెద్దలీమాటతోనే బాలుర నోరు మూయించుచున్నారు. పైగా శాస్త్రమే యిట్లు విధించినదందురు. విధించినదా?

ఖురాను రెండవ సూరా 260వ వచనమును జూడుడు. మృతుల నెట్లు బ్రదికింతువో చూపుమని ఇబ్రాహీము ప్రవక్త దేవుని వేడెను. విశ్వాసము లేదా యని దేవుడడుగగా, కలదు గాని హృదయము కుదుటపడుటకై యడిగితినని విన్నవించెను. దేవుడు కోపింపలేదు, నాలుగు పక్షులను దెమ్మని నిదర్శనము చూపెను.

వ్యాఖ్యాత లేమనిరి? 923లో గతించిన తబరీ, సైతాను రేపిన తలపొకటి ప్రవక్త మనసున మెదలియుండునను పక్షమునకు మొగ్గెను. పెక్కుమంది దీని నొల్లలేదు. బ్రదికింపగలవా యని కాదు, ఎట్లు బ్రదికింతువనియే యాతడడిగెనని వారి వాదము. సంశయమునకు ఇబ్రాహీముకంటె మనమే తగుదుమన్న ముహమ్మదు ప్రవక్త పలుకు హదీసులలో గలదు. మనకే లేని సంశయము ఆయనకెక్కడిదని దాని భావమని 13వ శతాబ్దపు నవవీ వివరించెను. విని యెరిగిన నిశ్చయము ఇల్ముల్ యకీను. కని యెరిగినది ఐనుల్ యకీను. మన తార్కికుల శబ్దప్రత్యక్షములను దెలిసినవారి కీ భేదము క్రొత్త గాదు.

మూసా ప్రవక్త దైవదర్శనము గోరి పొందలేదు గదా యని కొంద రాక్షేపింతురు. నిజమే. కాని అష్అరీ పండితు లా కోరికనే యాధారముగా గొని, అసంభవమును ప్రవక్త కోరడు గనుక దైవదర్శనము సంభవమేయని సాధించిరి. తన జనులకొరకే యడిగెనని ముఅతజిలీలు వాదించిరి. ఒక ప్రశ్న శతాబ్దముల విచారమునకు బీజమైనది!

ఈ విచారము దూరదేశములది మాత్రమే కాదు. మాకు పడమటనున్న ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమున, 1888లో వెలసిన దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ బికాయీ ఖురాను వ్యాఖ్యను 22 సంపుటములుగా బ్రకటించినది. చిలుకూరి నారాయణరావుగారు ఖురానును దెనిగించిరి. గ్రంథములు చేరువనున్నను వానిని విప్పక, వాని పేర బెదరింతుమా?

మేమును నిర్దోషులము గాము. చనిపోయిన తన యవ్వ యెక్కడనున్నదని యొక బాలుడు తరగతిలో నడుగగా, పాఠము మిగిలియున్నదని కూర్చుండుమంటిమి. ఆ యేడు వాడు మరేమియు నడుగలేదు. వాని మౌనమును మేము వినయమనుకొంటిమి. అది మా యపరాధము. తెలియనిచో తెలియదనుడు, అడిగిన బిడ్డను మాత్రము అవిశ్వాసియనకుడు.