పాట వినేది మనం, ప్లేయర్ ఎంచేది వాళ్లా?

మన ఇళ్లల్లో మిక్సీ కొనాలంటే మనల్నే అడుగుతారు. కుక్కర్ కొనాలంటే "నువ్వే చూసుకో" అంటారు. అదే డిస్క్ ప్లేయర్ దగ్గరికొచ్చేసరికి మాత్రం "నీకేం తెలుసు, ఊరుకో" అంటారు. జగిత్యాల అయినా, కోరుట్ల అయినా, సిరిసిల్ల అయినా ఇదే తంతు. దుబాయ్ నుంచి తెచ్చినా, బజార్లో కొన్నా, బాగోగులు ఎంచేది మగవాళ్లే. మరి పగలంతా దాన్ని వినేది ఎవరు? వంట చేసుకుంటూ, బీడీలు చేసుకుంటూ వినేది మనం కాదా?

వాళ్లు ఎంచే తీరు చూడండి. దుకాణంలో సౌండ్ పెంచితే గుండె అదరాలి, షట్టర్ దడదడలాడాలి. అదే మంచిదట! ఒకే పాటను కాస్త గట్టిగా పెడితే ఎవరి చెవికైనా అదే బాగుందనిపిస్తుంది. అమ్మేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. డబ్బా మీద వేలల్లో రాసే పీఎంపీవో వాట్లూ అలాంటివే. దానికి అందరూ ఒప్పుకున్న కొలతంటూ లేదు. అడగాల్సింది ఆర్ఎంఎస్ వాట్లు.

ఇంకోటి డిస్క్. "ఒక్కదాంట్లో నూటయాభై పాటలు" అని మురిసిపోతారు, గొంతు గరగరలాడితే ప్లేయర్‌ను తిడతారు. 1982లో సోనీ, ఫిలిప్స్ మార్కెట్లోకి తెచ్చిన ఆడియో సీడీలో ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచి రాస్తారు. అంటే సెకనుకు 1,411 కిలోబిట్లు. 128 కిలోబిట్ల ఎంపీ3లో ఉండేది అందులో పదకొండో వంతు. అది పెట్టి వినిపిస్తే ప్లేయర్ సంగతి ఏం తెలుస్తుంది? ఇక ఆరు స్పీకర్ల మోజు. 1960ల నాటి సుశీలమ్మ సినిమా పాటలు మోనోలో రికార్డయినవి. ఆరు మూలల నుంచి వచ్చినా అందులో లేనిది కొత్తగా పుట్టదు.

మన పరీక్ష మనం పెడదాం. మీకు బాగా తెలిసిన పాటల అసలు సీడీ తీసుకెళ్లండి. రెండు ప్లేయర్లనూ ఒకే స్పీకర్లకు తగిలించి, సౌండ్ సమానంగా పెట్టమనండి. పక్కగదిలో పిల్లలు పడుకున్నప్పుడు వినేంత తక్కువలో వినండి. మాట మాట తెలుస్తుందా? "స", "శ" దగ్గర బుస్సుమంటుందా? వీణ తీగ మీటాక నాదం మెల్లగా సన్నగిల్లుతుందా, టక్కున తెగుతుందా? పాటకూ పాటకూ నడుమ గుయ్యిమనే మోత ఉందా?

తేడా ఏమీ తెలియలేదా? మంచిదే. మధ్యరకం ధర ప్లేయర్ల మధ్య శబ్దంలో తేడా తక్కువ. ఎక్కువ తేడా స్పీకర్లది, వాటిని పెట్టిన గదిది. అందుకే తక్కువ ధరది, మన ఊళ్లోనే రిపేరు అయ్యేది తీసుకుని, మిగిలిన పైసలు స్పీకర్లకు పెట్టండి.

పొద్దంతా సాంచెల మోత వినే సిరిసిల్ల ఇంటికి సాయంత్రం ఇంకో మోత కావాలా? గల్ఫ్ ఎండలో చెమటోడ్చి పంపిన పైసలు గోడలు అదరడానికా? ఈసారి దుకాణానికి మీరూ వెళ్లండి. సీడీ మీ చేతిలోనే ఉంచుకోండి. మీ చెవులకు నచ్చాకే బిల్లు రాయనివ్వండి.