కాలం ఇచ్చినంత మాత్రాన ఆట పండునా?

వీడియో గేము అనగానే పెద్దలు మొగం చిట్లించుట, విద్యార్థులు కన్నులు మెరిపించుట నేడు లోకసహజమైనది. ఆ తగవులో తీర్పు చెప్పుటకు మేము ఇచ్చట కలం పట్టలేదు. మా ప్రస్తావన వేరు. ఎదురుచూచుచున్న ఆట ఒకటి వాయిదా పడినదని వార్త వచ్చిన ప్రతిసారీ మన వసతిగృహంలో రెండు పక్షాలు ఏర్పడుచున్నవి. ఒక పక్షం నిర్మాతలను తిట్టును. రెండవ పక్షం, ఆలస్యంగా వచ్చిన ఆట ఎప్పటికైనా బాగుండునని, తొందరలో తెచ్చినది ఎన్నటికీ బాగుపడదని జపాను దేశపు ప్రసిద్ధ రూపకర్త షిగెరు మియామొటో పేర చెలామణి అగుచున్న మాటను వల్లించి మొదటివారిని ఊరడించును. ఆ మాటను ఆయన అన్నట్లు గట్టి ఆధారం ఎవరూ చూపలేదు. ఎవరన్నదైనను, అది సగం నిజమే.

మా అభిప్రాయాన్ని ముందుగానే చెప్పెదము. కాలం తనంత తాను ఏ ఆటనూ బాగుచేయదు. ఆ కాలంలో ఏమి జరిగినది, దాని మూల్యాన్ని ఎవరు చెల్లించినారు అన్నవే అడుగవలసిన ప్రశ్నలు. రంజాను మాసంలో మన హైదరాబాదు హలీము గంటల తరబడి పొయ్యి మీద ఉండునని అందరూ ఎరిగినదే. కాని మంట మీద ఉంచినంతనే అది హలీము కాదు. కర్ర తెడ్లతో ఎడతెగక మెదుపు చేతులు కావలెను. చేతులు లేని పొయ్యి మీద మిగులునది మాడు మాత్రమే.

తొందర వలని చేటుకు అందరూ చూపు ఉదాహరణ అమెరికాలోని అటారీ సంస్థది. 1982లో స్పీల్‌బర్గ్ చిత్రం 'ఇ.టి.' జనాన్ని ఉర్రూతలూగించినది. దానిని ఆటగా మార్చి ఆ ఏటి క్రిస్మసు అంగళ్ళకు అందించవలెనని సంస్థ తలచినది. ఆ భారం హోవార్డ్ స్కాట్ వార్షా అను యువ ప్రోగ్రామరు మీద పడినది. గడువు సుమారు 5 వారాలు. ఆడువారు మాటిమాటికి గోతులలో పడి, పైకి తేలి, మరల పడి, విసుగెత్తి గిరాటు వేసినారు. అమ్ముడుపోని సరకును 1983లో న్యూమెక్సికోలోని ఆలమగోర్డో పట్టణపు చెత్తదిబ్బలో ఇతర ఆటలతో కలిపి పూడ్చినారు. 2014లో త్రవ్వి చూడగా ఆ పెట్టెలు నిజంగానే బయటపడినవి. ఇదే వార్షా అంతకు ముందు నెలల తరబడి శ్రమించి చేసిన 'యార్స్ రివెంజ్' అను ఆటకు నేటికిని అభిమానులు కలరు. మనిషి ఒకడే, యంత్రం ఒకటే; గడువు మాత్రమే మారినది. కాబట్టి రెండవ పక్షం వాదంలో పస లేదని మేము అనజాలము.

అయినను ఆ వాదాన్ని చివరి దాకా నమ్మినవారికి ఏమి దక్కినదో చూడవలెను. అమెరికాలోని టెక్సాసుకు చెందిన త్రీడీ రెల్మ్స్ సంస్థ 1996లో 'డ్యూక్ నూకెం త్రీడీ' అను ఆటతో పేరును ధనాన్ని గడించి, 1997లో దాని తరువాతి భాగం 'డ్యూక్ నూకెం ఫరెవర్'ను ప్రకటించినది. చేతిలో సొంత సొమ్ము ఉండుటచే తొందరపెట్టు షావుకారు లేడు. విడుదల ఎన్నడని అడిగినవారికి, పూర్తియైననాడు అనునదే వారి జవాబు. వినుటకు ఎంత సొంపుగా నున్నది! కాని ఆటకంతటికిని ఆధారమైన మూల ప్రోగ్రామును, అనగా ఇంజినును, 1998లోనే మార్చినారు. ఇంటి గోడలు లేచిన పిమ్మట పునాది మార్చుట వంటిదది. అప్పటి పనిలో అధికభాగం వృథా. లోకంలో కొత్త ఆట ఒకటి వచ్చి మెరిసిన, దానిలోని హంగు తమ ఆటకును కావలెనన్న ఆరాటం. ఆ హంగు కుదురునప్పటికి మరొకటి పుట్టును. చివరకు 2009లో డబ్బు నిండుకొని పనివారిని ఇండ్లకు పంపినారు. గేర్‌బాక్స్ అను మరొక సంస్థ పూనుకొనగా 2011లో ఆట బయటికి వచ్చినది. 14 సంవత్సరాలు! ప్రకటననాడు పుట్టిన బిడ్డ ఉన్నత పాఠశాలలో చేరియుండును. విమర్శకులు దానిని చీల్చి చెండాడినారు. అది పాతబడినదనుటయే వారి ప్రధానమైన ఆక్షేపణ.

ఇక్కడ ఒక కిటుకు కలదు. కావ్యాన్ని పదేండ్లు దిద్దినను భాష పాతబడదు. వీడియో గేము అట్లు కాదు. అది నడుచు యంత్రం మారుచుండును, ఆడువారి అలవాటు మారుచుండును. ఆలస్యం ఒక హద్దు దాటినచో, చేసిన మెరుగు కన్న పేరుకొన్న పాతదనమే ఎక్కువ కావచ్చును. (ఏటేటా ఆలస్యంగా వెలువడు మన సంచిక సంపాదకులు దీనిని తమకు వర్తింపజేసికొనకుందురు గాక.)

మరి కాలాన్ని సద్వినియోగం చేసినవారు ఏమి చేసినారు? వాల్వ్ సంస్థ 'హాఫ్ లైఫ్' చరిత్ర మాకు మిక్కిలి నచ్చినది. దానిని 1997 చివరకు విడుదల చేయవలెనని సంకల్పం. గడువు సమీపించుచుండగా ఆడి చూచుకొన్నారు. చిత్రాలు బాగున్నవి, ఆయుధాలు బాగున్నవి, ఆటలో మాత్రం ఆనందం లేదు. అప్పుడు వారు గడువు పొడిగించి ఊరకుండలేదు. ఒక చిన్న బృందాన్ని కూర్చి, అంతవరకు చేసిన వానిలో మేలైన సంగతులన్నింటిని ఒకే ఒక ఘట్టంలో పొదిగి, దానిని ఆడదగినదిగా చేయుమన్నారు. ఒక నెల పట్టినది. ఆ ఘట్టం అందరికిని నచ్చినది. ఇక అదే కొలబద్ద. దానికి తూగని భాగాలను, అనగా దాదాపు అన్నింటిని, తిరిగి చేసినారు. ఆపై బయటివారిని పిలిచి ఆడించినారు. ఆడువాని వెనుక ఆ భాగాన్ని చేసినవాడు కూర్చుండవలెను, పెదవి విప్పరాదు. ఇటు పొమ్మని చెప్పరాదు, అటు కాదని సైగ చేయరాదు. ఆడువాడు ఎక్కడ తడబడెనో, ఎక్కడ విసిగెనో వ్రాసికొనవలెను, పిదప దానిని సరిదిద్దవలెను. తన బిడ్డను పరుల చేతిలో పెట్టి నోరు మూసికొనుట ఎంత కష్టమో రచనలు చేయు మిత్రులకు తెలియును. 1998 నవంబరులో ఆట వెలువడి కీర్తి గడించినది. ఆలస్యం ఒక్క ఏడు మాత్రమే.

తక్కువ కాలంలో పండిన ఆటలునూ కలవు. నింటెండో సంస్థ 1998లో 'ఒకరీనా ఆఫ్ టైం' విడుదల చేసి, ఏడాదిన్నర తిరుగకముందే, 2000లో, 'మేజొరాస్ మాస్క్'ను తెచ్చినది. మొదటి ఆట కొరకు చేసిన బొమ్మలను, ఇంజినును మరల వాడుకొని, మిగిలిన శక్తినంతటిని ఒక కొత్త ఊహ మీద పెట్టినారు: 3 దినాలలో చంద్రుడు నేల గూలును, ఆ 3 దినాలే మరల మరల తిరిగి వచ్చును. గడువు ఇరుకైనందుననే ఊహ పదునెక్కినదని మాకు తోచును.

మా వాదానికి కొంత అడ్డు వచ్చునదియు ఒకటి కలదు, దానిని దాచుట న్యాయం కాదు. ఆస్ట్రేలియాకు చెందిన టీం చెర్రీ అను చిన్న బృందం 2019లో ప్రకటించిన 'హాలో నైట్: సిల్క్‌సాంగ్'ను 2025 సెప్టెంబరులో గాని విడుదల చేయలేదు. వారికిని సొంత సొమ్ము, వారిని తొందరపెట్టువారును లేరు. అయినను ఆట మెప్పు పొందినది. డ్యూక్ ఎందుకు చెడినది, ఇది ఎందుకు పండినది? 2017 నాటి తమ మొదటి ఆట వలన ఏమి చేయవలెనో వీరికి ముందే తెలియును. పునాది మార్చుకొనలేదు, ఇల్లు మాత్రం పెంచుకొన్నారు. ఇది మాకు తోచిన సమాధానం. తృప్తి చెందనివారు మాతో వాదింపవచ్చును.

ఇక మూల్యం మాట. పోలండుకు చెందిన సీడీ ప్రాజెక్ట్ రెడ్ సంస్థ 2012లో ప్రకటించిన 'సైబర్‌పంక్ 2077' ఒక్క 2020లోనే 3 మారులు వాయిదా పడినది. నిర్బంధంగా అదనపు పని చేయించబోమని అంతకు ముందు చెప్పిన యాజమాన్యమే, ఆ ఏడు చివరి వారాలలో వారానికి 6 దినాల పని విధించినది. వాయిదా అను మాట కొనువారి చెవికి ఓర్పుగా వినబడును. పనివారి ఇంట అది నిద్రలేని మరికొన్ని రాత్రులు. డిసెంబరులో ఆట వెలువడగా పాత యంత్రాల మీద తప్పులతడకగా నడచినది. సోనీ తన అంగడి నుండి దానిని తొలగించి డబ్బు వాపసు ఇచ్చినది. 2021 జూన్‌లో గాని అది ఆ అంగడికి తిరిగి రాలేదు. 2023లో వచ్చిన పెద్ద సవరణతో గాని జనం మెచ్చుకొనలేదు. ఆలస్యమైన సాఫ్ట్‌వేరు పనికి మరింతమందిని చేర్చినచో అది మరింత ఆలస్యమగునని ఫ్రెడరిక్ బ్రూక్స్ 1975లోనే గ్రంథస్థం చేసినాడు. పనివారి రాత్రులను చేర్చినను ఫలితం అంతకన్న మెరుగుగా లేదు.

ఇది దూరదేశపు కథ కాదు. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వంటి సంస్థకు మన హైదరాబాదులోనే శాఖ కలదు. ఆ పరిశ్రమలో మన పిల్లలు చేరుచున్నారు, ఇకనూ చేరుదురు. నేడు ఆట ఎప్పుడు వచ్చునని గోల పెట్టువారే రేపు ఆ రాత్రులను కాయవలసినవారు.

కావున కళాశాల కమిటీ వారికి మాదొక విన్నపం. కంప్యూటరు శాఖలో ఆఖరి సంవత్సరం ప్రాజెక్టులకు గడువు పెంచవలెనని విద్యార్థులు ఏటేటా అర్జీ పెట్టుచున్నారు. మేము దానిని కోరుట లేదు. గడువు సగం గడచునప్పటికే ప్రతి బృందం తన పనిలో ఒక్క భాగాన్నైనను నడుచు స్థితికి తెచ్చి, ఒక మధ్యాహ్నం ప్రయోగశాలలో పెట్టునట్లు ఏర్పాటు చేయగలరు. ఉర్దూ మాధ్యమం వారు, తెలుగు మాధ్యమం వారు, కంప్యూటరు ఎరుగని సాహిత్య విద్యార్థులును వచ్చి దానిని వాడి చూచెదరు. చేసినవాడు వెనుక నిలిచి, నోరు మెదపక, వ్రాసికొనును. ఇందుకు అదనపు వ్యయం ఏమియు లేదు. ఆ మధ్యాహ్నం గది తాళపుచెవి ఇప్పించిన చాలును.