పనిముట్లు అందాయి, పెట్టుబడి అందలేదు

ఇరవై ఏళ్ల కిందట ఇంటర్నెట్‌లో వ్యాపారం ప్రారంభించాలంటే తరచుగా సర్వరు ఖర్చు, సాఫ్ట్‌వేరు లైసెన్సు రుసుము భరించాల్సి వచ్చేది, కార్డు చెల్లింపుల అనుమతి కోసం బ్యాంకు చుట్టూ తిరగాల్సి వచ్చేది. నేడు ఆ అడ్డంకులు చాలావరకు తొలగిపోయాయి. లినక్స్ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లు ఉచితంగా లభిస్తున్నాయి. వాడుకున్న మేరకే అద్దె చెల్లించే క్లౌడ్ సేవలు వచ్చాయి. 2016లో మొదలైన యూపీఐ వల్ల చిన్న వర్తకుడికి సైతం సొమ్ము నేరుగా ఖాతాలో చేరుతోంది. సొంత రాష్ట్రంలోనే సరుకు అమ్మే చిన్న వర్తకులకు, అమ్మకాలు నిర్ణీత పరిమితి దాటనంత వరకు, ఈ-కామర్స్ వేదికలపై జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి అన్న నిబంధన కూడా 2023 అక్టోబరు నుంచి సడలింది. హైదరాబాద్ లాడ్‌బజార్‌లో లక్కగాజులు చేసే కుటుంబంలోని యువకుడు తన ఇంటి నుంచే వెబ్‌సైటు నడపవచ్చు.

అయితే వెబ్‌సైటు వేరు, కంపెనీ వేరు. వెబ్‌సైటు కంపెనీగా ఎదగాలంటే ఆదాయం రాని తొలి ఏడాది రెండేళ్లు జీతాలు చెల్లించడానికి పెట్టుబడి కావాలి. మన యువత ఆగిపోతున్నది ఇక్కడే.

కేంద్రం 2016 జనవరిలో ‘స్టార్టప్ ఇండియా’ను ప్రారంభించింది. గుర్తింపు పొందాలంటే ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ, ఎల్‌ఎల్‌పీ, భాగస్వామ్య సంస్థ వంటి రూపంలో నమోదై ఉండాలి. ఒక్కరి పేరిట నడిచే దుకాణానికి ఆ గుర్తింపు లేదు. మన వ్యాపారాలలో అత్యధికం అలాంటివే. 2021 నాటి సీడ్ ఫండ్ పథకం ఆలోచనను నిరూపించడానికి 20 లక్షల వరకు గ్రాంటును, మార్కెట్లోకి వెళ్లడానికి 50 లక్షల వరకు రుణాన్ని లేదా వాటాగా మారే డిబెంచర్లను నిర్దేశించింది. దరఖాస్తు నాటికి సంస్థకు రెండేళ్లు దాటకూడదని షరతు పెట్టింది. ఎంపిక బాధ్యతను ఇంక్యుబేటర్లకు అప్పగించింది. అంటే ఇంక్యుబేటరు గడప తొక్కినవారికే ఆ ధనం.

ఆ గడప ఎక్కడుంది? హైదరాబాద్‌లో టీ-హబ్ 2015లో గచ్చిబౌలిలో మొదలై, 2022లో రాయదుర్గంలోని విశాల భవనానికి మారింది. మహిళల కోసం 2018లో వీ-హబ్ వచ్చింది. ఇవి గర్వించదగిన సంస్థలే. కానీ పాతబస్తీ యువకుడికి టీ-హబ్ నగరం మరో కొసన ఉంది. అక్కడి భాష, పరిచయాలు ఇంకా దూరం.

బ్యాంకుల సంగతి మరీ పాతది. కొన్ని బ్యాంకులు ముస్లిం ప్రాంతాలను రుణాలకు ప్రతికూల మండలాలుగా గుర్తించిన వైనాన్ని సచార్ కమిటీ 2006లోనే ప్రస్తావించింది. 2016లో వచ్చిన ‘స్టాండప్ ఇండియా’ దళితులకు, ఆదివాసులకు, మహిళలకు 10 లక్షల నుంచి కోటి దాకా రుణం నిర్దేశించింది. అది న్యాయమే. ముస్లిం మహిళ కూడా మహిళగా దానికి అర్హురాలిగానే ఉండేది. ఆ సంగతి ఎన్ని ఇళ్లకు తెలిసింది? తెలంగాణ ప్రభుత్వం 2023లో మైనారిటీలకు నూరు శాతం సబ్సిడీతో లక్ష రూపాయల సాయం ప్రకటించింది. చిరు దుకాణానికి అది ఆసరా. ఇద్దరు ప్రోగ్రామర్లకు ఏడాది జీతమైనా దానితో రాదు.

వడ్డీకి దూరంగా ఉండదలచిన వారికి మరో చిక్కు ఉంది. వడ్డీ లేని ఆర్థిక సేవలను రఘురామ్ రాజన్ కమిటీ 2008లో సూచించినా, రిజర్వు బ్యాంకు 2017లో ఆ ప్రతిపాదనను ముందుకు తీసుకువెళ్లబోమని తేల్చింది. అయితే స్టార్టప్ పెట్టుబడికి ఆ నిర్ణయం అడ్డు కాదు. వాటా పెట్టుబడిలో లాభనష్టాలు పెట్టుబడిదారువి కూడా. ఒకరు ధనం, మరొకరు శ్రమ పెట్టి లాభాన్ని ముందే ఒప్పుకున్న నిష్పత్తిలో పంచుకునే ముజారబాకు ఇది దగ్గరి బంధువు. కానీ షరతులు చదవాలి. కన్వర్టిబుల్ నోటు మొదట అప్పే. దానికి వడ్డీ ఉండవచ్చు. ఒక్కో పెట్టుబడిదారు నుంచి కనీసం 25 లక్షలు రావాలన్న నిబంధనా ఉంది. కంపెనీ అమ్ముడైతే ముందు పెట్టుబడిదారుకే చెల్లించాలనే షరతు కూడా సాధారణం. సంతకానికి ముందు న్యాయవాదిని, ఆలిమ్‌ను ఇద్దరినీ సంప్రదించడం వివేకం.

ప్రభుత్వాన్ని మేము మూడు విషయాలు కోరుతున్నాము. పాతబస్తీలోనూ, కర్నూలు, గుంటూరు వంటి పట్టణాల ముస్లిం ప్రాంతాలలోనూ ఇంక్యుబేటర్ల శాఖలు నెలకొల్పాలి. మైనారిటీ ఆర్థిక సంస్థలు సబ్సిడీలతో సరిపెట్టక, వాటా పెట్టుబడికి ప్రత్యేక నిధి కేటాయించాలి. ప్రజాధనంతో నడిచే స్టార్టప్ పథకాల లబ్ధి ఏయే వర్గాలకు చేరిందో ఏటా లెక్క చెప్పాలి. పౌరులుగా ఇది మన హక్కు. ఎవరి దయాదాక్షిణ్యమూ కాదు.

సముదాయ పెద్దలకూ ఒక మాట. మన మిగులు ధనం బంగారంగానో, ఇంటి స్థలంగానో నిలిచిపోతోంది. పది కుటుంబాలు కలిసి, నష్టానికీ సిద్ధపడి, ఒక యువకుడి లేదా యువతి సంస్థలో వాటా తీసుకుంటే అదే తొలి పెట్టుబడి అవుతుంది. అప్పిచ్చి వసూలు చేసుకోవడం కంటే ఇది కష్టమైన పని. కానీ మన పిల్లల శ్రమ మీద మనమే నమ్మకం ఉంచకపోతే, బ్యాంకులు ఉంచలేదని నిందించే నైతిక బలం మనకు ఎక్కడిది?