సంఘపు తెర, సభ్యుని చూపు

మన పరపతి సంఘముల లెక్కలు పుస్తకములను విడిచి కంప్యూటరు తెరమీదికి వచ్చినవి. 2022 జూన్ 29వ తేదీని కేంద్ర మంత్రివర్గమువారు 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములను కంప్యూటరు లెక్కల క్రిందికి తెచ్చుటకై 2,516 కోట్ల రూపాయల పథకము నంగీకరించిరి. ఇందువలని లాభములను నేను కాదనను. కూడికలో పొరపాటు దొరలదు, కాగితమునకు చెదపట్టదు. కాని ఒక నష్టము కూడ కలిగినది. దానినిగూర్చి మహాసభలలో మాటలాడువారు కానరారు. ఖాతాపుస్తకము బల్లమీద నున్న దినములలో అరువదియేండ్ల రైతు దానిని తనవైపు త్రిప్పుకొని, వాకిటి వెలుతురునకు జరుపుకొని, అవసరమైనచో భూతద్దము పట్టి తన పద్దు తాను చూచుకొనుచుండెడివాడు. నేడు తెర కార్యదర్శివైపు తిరిగియున్నది. ఇటు త్రిప్పినను అందలి అక్షరములు ఆవగింజలవలె నుండును. ఆ వృద్ధుడు "మీరే చూచి చెప్పండి బాబూ" అని వ్రేలిముద్ర వేసి పోవుచున్నాడు.

కార్యదర్శులను శంకించి నేనీ మాట వ్రాయుటలేదు. చదివి చెప్పువాడెంత సత్యసంధుడైనను, పరులచే చదివించుకొనుట వేరు, తాను చదువుకొనుట వేరు. పంటఋణము 3 లక్షల రూపాయలవరకు 7 శాతము వడ్డీకి లభించుచున్నది; గడువులోపల చెల్లించినవారికి అందులో 3 శాతము తగ్గును. ఆ గడువుతేదీ తెరమీద నొక మూల సన్నని అంకెలలో నుండును. 3 అంకె 8 వలెను, 1 అంకె 7 వలెను తోచినచో నష్టపడువాడు రైతేకాని కంప్యూటరు గాదు. అడంగలులో 2.05 ఎకరములకును 2.50 ఎకరములకును నడుమ నలుబదియైదు సెంట్ల భూమి కలదు. 2025-26 పత్తికాలమున కాటన్ కార్పొరేషనువారికి సరకు అమ్మదలచిన రైతు కపాస్ కిసాన్ అను యాప్‌లో ముందుగా నమోదు కావలసివచ్చినది. పొడవు పింజ పత్తికి క్వింటాలొక్కింటికి 8,110 రూపాయల మద్దతుధర ప్రకటింపబడినది. అది చేతికందుట ఆ నమోదులోని సర్వేనంబరు సరిగా నుండుటమీద ఆధారపడియుండెను. ఇట్టి అంకెలను తన కంటితో సరిచూచుకొను హక్కు వాటాధనము కట్టిన ప్రతి సభ్యునకును గలదు.

తెలుగులిపి విషయమున చిక్కు మరియొక పాలు ఎక్కువ. ఇంగ్లీషు అక్షరము ఒకే వరుసలో ఇముడును. మన అక్షరమునకు పైన గుడియో కొమ్మో, క్రింద వత్తో ఉండును. మూడంతస్తుల మేడను ఒక అంతస్తు ఎత్తులో ఇరికించినట్లు తెరమీద వానిని కుదించుచున్నారు. మకును యకును, పకును షకును, దకును ధకును భేదము చిన్న గీటు మాత్రమే. ఇంగ్లీషు చదువుటకు చాలిన కొలత తెలుగునకు చాలదు. ఈ సంగతి తెలియక "నా కన్నులు పోయినవి" అని దిగులుపడువారిలో కొందరికి పోయినది కన్ను గాదు, అక్షరపు కొలత.

నిజముగా చూపు మందగించినవారు ముందు వైద్యుని కడకు పోవలెను. శుక్లములు పెరిగిన కంటికి కంప్యూటరుతో చికిత్స లేదు, శస్త్రచికిత్సయే మార్గము. పెదకాకానిలో శంకర నేత్రచికిత్సాలయము కలదు. 1987లో హైదరాబాదున ఆరంభమైన ఎల్.వి. ప్రసాదు నేత్రసంస్థవారికి విజయవాడ చెంత తాడిగడపలో శాఖ కలదు. చికిత్స ముగిసి, తగిన అద్దములు పెట్టుకొన్న పిమ్మట కూడ చూపు చాలనివారు కొందరు మిగులుదురు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఇట్టివారిని అల్పదృష్టి గలవారుగా గుర్తించినది. మంచి కంటి చూపు అద్దములతో కూడ 6/18కి తక్కువై 3/60 వరకు నున్నచో వారీ తరగతికి చెందుదురు. అనగా ఇతరులు 18 మీటర్లనుండి చదువు అక్షరమును 6 మీటర్లకు వచ్చినను చదువలేనివారన్నమాట. నా వ్రాత ముఖ్యముగా వీరినిగూర్చియే.

ఇక సాధనము మాట. విండోస్ 10 అను కార్యవ్యవస్థకు ఉచిత రక్షణసవరణలు 2025 అక్టోబరు 14తో సామాన్యముగా నిలిచిపోయినవి. దాని తరువాతిదగు విండోస్ 11 పాత యంత్రములలో పెక్కింటిని స్వీకరింపదు. కావున పనిచేయుచున్న కంప్యూటరులే పనికిరానివై అటక ఎక్కుచున్నవి. వానిని పాతసామానులవానికి తూకమునకు అమ్మవలదనియు, అందొకదానిపై లినక్సు వేసి సభ్యుల కొరకు వరండాలో పెట్టవలెననియు నా అభిప్రాయము. లినక్సునకు వెల లేదు. దానిమీద నడచు తేలిక బల్లలలో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనునది ఒకటి; 1996లో ఒలివియర్ ఫోర్డాన్ ఆరంభించినది, నేటికిని పెంపొందుచున్నది. 4 గిగాబైట్ల ర్యాము గల యంత్రముపై బ్రౌజరుతో సహా సుఖముగా నడచును. 2 మాత్రమే యున్నచో ఒక్కొక్క పుటను మూసి మరియొకటి తెరచుకొనవలెను. సంఘపు ముఖ్యలెక్కలు నడచు యంత్రమును మాత్రము ముట్టరాదు. అది పథకమువారి ఏర్పాటు ప్రకారమే యుండవలెను. అందు విండోస్ ఉన్నచో, విండోస్ మీటను పట్టి ప్లస్ మీటను నొక్కిన భూతద్దము దానంతట వచ్చును. ఈ చిన్నసంగతి నెరుగనివారు పెక్కుమంది. వరండాలోని యంత్రము మీభూమి పుటలు, మార్కెట్టు ధరలు, కార్యదర్శి ఫైలుగా దింపి యిచ్చిన ఖాతానకలు చూచుకొనుటకు చాలును.

పెద్దదిగా చూపుటలో మూడు మెట్లు కలవు. జనులు ఎల్లప్పుడును మూడవదానికే మొదట పరుగెత్తుదురు. మొదటి మెట్టు బ్రౌజరులోనిది. కంట్రోల్ మీటను పట్టి ప్లస్ మీటను నొక్కినకొలది పుటలోని అక్షరములు పెరుగును, పలుమార్లు వరుసలు తెర వెడల్పునకు తామే సర్దుకొనును. చదువుటకు దీనికి మించినది లేదు. రెండవ మెట్టు బల్లమీది అక్షరములన్నిటిని పెంచుట. ఎక్స్‌ఎఫ్‌సీఈ సెట్టింగ్సులో అప్పియరెన్స్ అనుదానిలో ఫాంట్స్ అను భాగము కలదు. అచ్చట డీపీఐ అను అంకెను 96నుండి 120కో 144కో మార్చిన పేర్లు, పట్టికలు, మెనూలు అన్నియు పెద్దవగును. మౌసు సెట్టింగ్సులో బాణపు గుర్తును కూడ 24నుండి 48కి పెంచవలెను. బాణము కనబడక తెరయంతయు వెదకు సభ్యుని నెవరైనను చూచియేయుందురు. పాపము, అతడు వెదకునది అక్షరమును గాదు.

మూడవది అసలైన భూతద్దము. సెట్టింగ్సులో విండో మేనేజర్ ట్వీక్స్ తెరచి, కంపోజిటర్ అను భాగమున డిస్‌ప్లే కంపోజిటింగును అమలుపరచి, మౌసు చక్రముతో తెరను పెంచుటకు అనుమతించు గడియున్నచో దానిని గుర్తించవలెను. పిమ్మట ఆల్ట్ మీటను పట్టి మౌసు చక్రమును త్రిప్పినంతనే తెరయంతయు పెద్దదై, బాణము పోయిన దిక్కునకు తానును జరుగును. వెనుకకు త్రిప్పిన యథాస్థితికి వచ్చును. పాత యంత్రములపై కంపోజిటర్ వలన నడక కొంత మందగింపవచ్చును గాని పద్దు చూచుకొనుటకు అది అడ్డుగాదు. ఎల్‌ఎక్స్‌డీఈ వంటి మరింత తేలిక బల్లలపై ఈ వసతి సహజముగా లేదు. అచ్చట ఎక్స్‌జూమ్, కేమ్యాగ్, మ్యాగ్నస్ మున్నగు విడి భూతద్దములను వేసికొనవచ్చును. లినక్సులో తెరను నడపు పాతపద్ధతి ఎక్స్11. దాని స్థానమున వేలాండ్ అను క్రొత్తపద్ధతి వచ్చుచున్నది. ఇతర కిటికీలలోని బొమ్మను ఒక ప్రోగ్రాము స్వేచ్ఛగా చూచుటకు వేలాండ్ ఒప్పదు గనుక, ఎక్స్‌జూమ్ వంటి పాత భూతద్దములు దానిపై పనిచేయవు. యంత్రమును సిద్ధపరచు కుర్రవాడు ఎక్స్11 పద్ధతినే ఎన్నుకొనవలెనని ముందుగా చెప్పియుంచుట మంచిది.

ఈ భూతద్దమునకు దోషములు లేకపోలేదు. రెండింతలు చేసిన తెరలో నాలుగవవంతే కనబడును, మూడింతలకు తొమ్మిదవవంతు, నాలుగింతలకు పదునారవవంతు. గడపలో నిలిచి తాళపుచెవి సందునుండి ఇల్లంతయు చూచినట్లుండును. వరుస మొదట నున్న పేరును చివర నున్న మొత్తమును ఒక్కమారు చూచుట కుదరదు. ఒకరి పేరు చూచి వేరొకరి బాకీ చదువుకొని గుండె జారవిడుచుకొను ప్రమాదము కూడ కలదు. ఇది చుక్కలను పెంచునే కాని అక్షరమును మరల గీయదు. కావున అంచులు గరుకుగా నుండును. నీటికాసుల వ్యాధిలో చుట్టుచూపు తగ్గి నడుమచూపు మాత్రము మిగిలినవారికి పెంచినకొలది చిక్కు హెచ్చును. వారికి నల్లని తెరపై తెల్లని అక్షరము మేలు. అందువలననే మొదటి రెండు మెట్లతో పని జరిగినంతవరకు మూడవదానికి పోవలదనుచున్నాను.

చదువు రానివారి మాట ఏమని అడుగువారుందురు. న్యాయమైన ప్రశ్నయే. పెద్ద అక్షరము వారికి పనికిరాదు. లినక్సులో ఓర్కా అను చదువరి ప్రోగ్రామును, ఈస్పీక్ అను గొంతును కలవు. అవి తెలుగును పలుకును. ఆ గొంతు యంత్రపు గొంతే, నాటకపు పద్యము వినినట్లుండదు. అయినను అంకెలు తెలియును. కాని దానిని చెవిగొట్టములతోనే వినిపించవలెను. వరండాలో పదిమంది యెదుట ఒకని బాకీ బిగ్గరగా చదువుట మర్యాద గాదు. నాలుగింతలు పెంచిన అంకె కూడ అట్టిదే. వీధిలో పోవువానికి సైతము కనబడును. తెరను గోడవైపు త్రిప్పి, సభ్యుడు గోడకు వీపానించి కూర్చుండునట్లు కుర్చీ వేయించిన చాలును, ఖర్చులేని పని.

కొందరు కార్యదర్శులు "రద్దీ దినములలో ఒక్కొక్కరు అరగంట తెర చూచుచు కూర్చున్న ఎరువుల బస్తాలెప్పుడు పంచెదము?" అని అడుగవచ్చును. అందులకే వేరుయంత్రమును కోరుచున్నాను. వైశాఖ జ్యేష్ఠములలో సంఘము కడ పని పలుచన. విత్తనపు ఋణములు మొదలగుటకు ముందే యంత్రమును సిద్ధపరచి, బ్రౌజరు పుటను పెద్దది చేయుటయు, ఆల్ట్ మీటతో చక్రమును త్రిప్పుటయు గ్రామమున ఇద్దరు ముగ్గురు పిల్లలకు నేర్పినయెడల, వారు తమ తాతలకు నేర్పుదురు. యార్డులో మిర్చి టిక్కీల కాటా చీటీని రెండుమారులు చూడక విడువని రైతు తన ఖాతాను ఒక్కమారైనను చూడకపోడు. ఏర్పాటునకు కావలసినది అటకమీది యంత్రము, ఒక పెన్‌డ్రైవు, చక్రము గల మౌసు, ఒక పూట శ్రమ. పాలకవర్గమువారు దీనిని రాబోవు సమావేశపు విషయపట్టికలో చేర్చి, చూపు తక్కువైన సభ్యులనే పిలిపించి ఏ కొలత అక్షరము వారికి చాలునో వారి నడిగి నిర్ణయింపవలెను.