గోడలెవరివి?

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రములైనవి. ఊరి రూపు దిద్దవలెనను ఉత్సాహము అధికారులకు కలుగుట సహజము. స్వచ్ఛ సర్వేక్షణపు మార్కుల పోటీ దానికి తోడైనది. గోడలకు రంగులు, కూడలికొక బొమ్మ, మంచిదే. కాని ఆ గోడకెదుట కాపురముండువానిని, ఆ కూడలిలో కాయలమ్ము స్త్రీని ఏ బొమ్మ కావలెనని యడుగు ఆచారమున్నదా? గుత్తేదారు వచ్చును, పూసి పోవును. బిల్లు మాత్రము మన యింటిపన్నునుండియే చెల్లును.

మన ప్రాంతపు చిత్రకళ యిట్లు పుట్టినది కాదు. జనగామకు చేరువనున్న చేర్యాల నకాషీల పటములను చూడుడు. (చేర్యాల 2016 వరకు వరంగల్లు జిల్లాలోనిది, నేడు సిద్దిపేటలోనిది.) పద్మశాలీలకు మార్కండేయ పురాణమును కూనపులివారు, ముదిరాజులకు పాండవుల కథను కాకిపడగలవారు ఎర్రనేల పటము విప్పి చెప్పెడివారు. చిత్రకారుడు తోచినట్లు గీయుటకు వీలులేదు. కథ తప్పినచో నిలదీయువారు ఎదుటనే కూర్చుందురు. బతుకమ్మ సంగతియు అట్టిదే. తంగేడు, గునుగు పూలు పేర్చి తొమ్మిది దినములు వీధులను, చెరువుగట్లను తమవి చేసికొను స్త్రీలకు టెండరుతో పనిలేదు.

జనుల నడుగక నిలిపిన బొమ్మ యెంతటి మహనీయునిదైనను పరాయిదిగానే తోచవచ్చును. 1986లో హైదరాబాదు ట్యాంకుబండుపై నిలిపిన విగ్రహములలో పెక్కింటిని 2011 మార్చి 10న కూల్చిరి. ఆ కూల్చివేతను మేము మెచ్చము. కాని వానిలో తెలంగాణపు పెద్దలకు తగిన చోటు దక్కలేదన్న బాధను అంతవరకు చెవిని బెట్టినవారు అరుదు.

మార్గము చట్టముననే యున్నది. 2019 నాటి తెలంగాణ పురపాలక చట్టము వార్డునకు 4 సంఘములను విధించినది: యువకులు, స్త్రీలు, వృద్ధులు, ప్రముఖ పౌరులు, ఒక్కొక్కదానిలో 15 మంది. రోడ్లపై క్రొత్త విగ్రహముల కనుమతి నీయరాదని సుప్రీముకోర్టు 2013 జనవరి 18న ఆదేశించినందున మనకు మిగిలినవి గోడలు, తోటలు, చెరువుగట్లు. ఆ 60 మంది కూడి నిర్ణయింపరాదా? మానుకోటలో లంబాడీ స్త్రీల అద్దాల కుట్టు, భూపాలపల్లిలో సింగరేణి కార్మికుని బ్రతుకు, జనగామలో 1946 జులై 4న కడవెండిలో నేలకొరిగిన దొడ్డి కొమరయ్య, పెంబర్తివారి ఇత్తడి పని; ఇవి మాకు తోచినవి. ఊరివారు వేరొకటి కోరినచో అదియే గీయవలెను. కులముల పేచీలు వచ్చుననుచున్నారు. రానిండు, చాటుగా రగులుటకంటె సభలో తెగుట మేలు.

సద్దుల బతుకమ్మకు పూర్వమే మూడు పురపాలక సంఘములును వార్డుకొక గోడను ఈ సంఘములకు అప్పగించి, రంగులకైన వ్యయమును ఆ గోడ ప్రక్కనే వ్రాయింపవలెనని కోరుచున్నాము.