బియ్యం మనిషి వెంట నడవాలి

రోగికి మందు రాసే ముందు ‘ఏం తిన్నారు?’ అని అడగడం వైద్యుని ధర్మం. మహమ్మారి వేళ ప్రభుత్వం వేయవలసిన మొదటి ప్రశ్న కూడా అదే. ఆకలితో ఉన్న దేహంలో రోగనిరోధక శక్తి క్షీణిస్తుంది. అంతేకాదు, కడుపు నిండని మనిషిని ఇంటిపట్టున ఉండమనడం వ్యర్థం. కూలి కోసం గడప దాటక అతనికి తప్పదు.

2020 మార్చిలో లాక్‌డౌన్ విధించినప్పుడు తెలంగాణ ప్రభుత్వం ఈ సత్యాన్ని త్వరగానే గ్రహించింది. ఆహార భద్రత కార్డున్న కుటుంబాలకు మనిషికి 12 కిలోల బియ్యం ఉచితంగా, ఇంటికి 1,500 రూపాయలు ప్రకటించింది. అంతకన్నా మెచ్చదగినది మరొకటి ఉంది. ఇతర రాష్ట్రాల నుంచి వచ్చి ఇక్కడ చిక్కుకుపోయిన వలస కూలీలకు సైతం తలా 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ఇవ్వాలని నిర్ణయించింది. ఇక్కడి కార్డు లేనివారి ఆకలి కూడా ఆకలేనని అంగీకరించిన నిర్ణయమది.

దాని విలువ బల్మూర్ వంటి మండలాలవారికి వేరుగా చెప్పనక్కరలేదు. పాలమూరు కూలీలు తరతరాలుగా పొట్ట చేతబట్టుకొని ముంబయి, పుణె వంటి నగరాలకు వెళ్లినవారే. కార్డు సొంత ఊళ్లో, మనిషి పరాయి ఊళ్లో ఉంటే డీలరు దుకాణంలోని బియ్యం అతని పళ్లెంలోకి రాదు. ఏ రాష్ట్రంలోనైనా రేషన్ పొందే ఏర్పాటు ఆనాటికి తొలి అడుగుల్లోనే ఉంది. దాన్ని 2021 జులై 31లోగా అన్ని రాష్ట్రాలూ అమలు చేయాలని సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చింది.

నా అభిప్రాయం ఇది: ఆపత్కాలంలో దయగా చేసిన పని శాశ్వత నియమం కావాలి. మహమ్మారి ప్రకటించిన నాడే, కార్డు ఉన్నా లేకున్నా, మనిషి ఎక్కడ ఉంటే అక్కడే బియ్యం, పప్పు అందాలి. టీకాకు, మాస్కుకు ముందుగా ప్రణాళిక వేసినట్టే తిండికీ వేయాలి. బియ్యం ఒక్కటే ఆకలి తీర్చవచ్చు గాని పోషణ కాదు. గర్భిణులకు, పసిపిల్లలకు అంగన్‌వాడీ గుడ్డు, పాలు ఇంటికే చేరాలి.

పాఠకులకు ఒక మనవి. ఊరు విడిచి పనికి వెళ్లేవారు మీ ఇంట ఉంటే, ప్రతి ఒక్కరి ఆధార్ రేషన్ కార్డుతో అనుసంధానమైందో లేదో డీలరు వద్ద ఇప్పుడే చూసుకోండి. ఇంటివారి వాటా ఇక్కడ, వెళ్లినవారి వాటా అక్కడ తీసుకునే వీలుంది. ఆపద వచ్చాక వరుసలో నిలబడి తెలుసుకోవలసిన సంగతి కాదిది.