తగ్గిస్తే హెచ్చే నాబు

"ఇక నీ కారు ఎక్కనురా!" అనేసింది అమ్మ. తప్పు నాది కాదండీ; స్టీరియో వాల్యూము తగ్గించబోతే హెచ్చుతోంది! షోరూమువారు సెట్టే మార్చాలన్నారు. గోల్కొండ దారిలో, టోలిచౌకి మెకానిక్కు విని నవ్వేశాడు.

పాత రేడియోల్లో బొగ్గుపూత అరిగితే గరగరలాడేది. ఇప్పటి నాబు వేరట. తిప్పితే లోపల రెండు కాంటాక్టులు ఒకదాని వెనుక ఒకటి కలుస్తాయి. ఏది ముందు కలిసిందో చూసి, పెంచాలో తగ్గించాలో సెట్టు తేల్చుకుంటుంది. మధ్య మకిలి చేరిందా, కుడి ఎడమవుతుంది!

బ్యాటరీ తీగ విప్పాడు. నాబు ఊడదీసి, కాడ సందులో కాంటాక్టు క్లీనరు కాస్త కొట్టాడు. పాతికసార్లు అటూ ఇటూ తిప్పి ఆరనిచ్చాడు. మళ్లీ మొరాయిస్తే ఆ ముక్క ఒక్కటే మార్చవచ్చునట.

మర్నాడు అమ్మను బతిమాలి ఎక్కించాను. మెహదీపట్నం దాటామో లేదో, వెనకసీట్లోంచి, "కాస్త పెంచరా, ఏమీ వినబడటం లేదు" అంది.